బరువున్న నవ్వు: వందేళ్ళ ‘ది జనరల్’

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతున్నదో ఆ పెద్దాయన తెర ముందరి కుర్చీలో కన్నా ప్రొజెక్టర్ పక్కనే ఎక్కువ సాయంత్రాలు గడిపారు. రీళ్ళ డబ్బా భుజాన వేసుకుని 16 ఎం.ఎం. ప్రింట్లను ఊరూరా తిప్పిన తరం ఆయనది. సినిమా గురించి మాట్లాడేవాళ్ళు ముందు సినిమా చూడాలని, చూపించాలని ఆయన పట్టుదల. అందుకే ఈ సాయంత్రం ఉపన్యాసం తర్వాత ప్రదర్శన కూడా ఉంది. ఏ చిత్రాన్ని వేయబోతున్నారో ఆ చిత్రమే ఈ ఉపన్యాసానికీ విషయం.

‘ది జనరల్’. బస్టర్ కీటన్, క్లైడ్ బ్రక్‌మన్ కలిసి దర్శకత్వం వహించిన మూకీ హాస్యచిత్రం. 1926 డిసెంబరు 31న టోక్యోలో మొదటిసారి ప్రదర్శించారు. న్యూయార్కులో 1927 ఫిబ్రవరి 5న విడుదలైంది. తీయడానికి దాదాపు 7,50,000 డాలర్లు ఖర్చయితే, సొంత దేశంలో వసూళ్ళు 5,00,000 కూడా దాటలేదు. ‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు మోర్డాంట్ హాల్ దీన్ని కీటన్ పాత చిత్రాల కన్నా తక్కువ రకంగా లెక్కగట్టాడు. అలాంటి చిత్రాన్ని 1972లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక ప్రపంచ విమర్శకులను అడిగి చేసిన పట్టికలో మొదటి పదింటిలో నిలిపారు. 1989లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచవలసిన చిత్రాల జాబితాను మొదలుపెట్టినప్పుడు తొలి విడతలోని 25 చిత్రాల్లో ఇది ఒకటి. ఈలోగా సినిమాలో మార్పేమీ జరగలేదు. అదే ఇంజను, అవే పట్టాలు, అదే నవ్వని ముఖం.

ఈ చిత్రం ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకు అలవాటుగా వచ్చే జవాబు ఒకటుంది: మూకీకి భాష అడ్డం లేదు కాబట్టి అందరికీ అర్థమవుతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఈ జవాబు నిలవదు. భాష అడ్డం లేని చిత్రాలు వేలకొద్దీ వచ్చాయి. అమెరికాలో తయారైన పూర్తి నిడివి మూకీల్లో సుమారు 70 శాతం ఆనవాలు లేకుండా పోయాయని 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెలువరించిన అధ్యయనం తేల్చింది. మిగిలినవాటిలో కూడా పరిశోధకులు తప్ప మరొకరు చూడనివే ఎక్కువ. మాట లేకపోవడం ఒక్కటే ఆయుష్షు పోసేదైతే అవన్నీ బతకాలి.

మాటతో పుట్టే హాస్యం మాట వయసుతో పాటు ముదురుతుందన్నది మాత్రం నిజం. తెలుగువాళ్ళకు ఇది ‘కన్యాశుల్కం’ వల్ల తెలుసు. గిరీశం ఈనాటికీ బతికే ఉన్నాడు. కానీ యాంటీనాచ్ ఉద్యమం అంటే ఏమిటో, ఆ రోజుల్లో విజయనగరంలో ఇంగ్లీషు ముక్కలకు ఎంత గిరాకీ ఉండేదో చెప్పకపోతే కొత్త పాఠకుడికి సగం నవ్వు అందదు. ‘ది జనరల్’కు అలాంటి అధోజ్ఞాపికలు అక్కర్లేదు. కారణం అది మౌనంగా ఉండటం కాదు. అందులోని హాస్యం వస్తువుల బరువు మీద, వేగం మీద, దూరం మీద నిలబడింది. ఇనుము ఇనుములా, కర్ర కర్రలా, నిప్పు నిప్పులా ప్రవర్తిస్తుంది. వాటి స్వభావం 1926లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఈ ఉపన్యాసం నిలబెట్టదలచుకున్న ప్రతిపాదన ఇదే. అయితే ఆ బరువులోనే ఈ చిత్రం మోయకుండా వదిలేసినది కూడా ఒకటుంది. దాని దగ్గరికి తర్వాత రావలసి ఉంటుంది.

ముందు చరిత్ర. అమెరికా అంతర్యుద్ధం రెండో ఏడు. 1862 ఏప్రిల్ 12 ఉదయం జార్జియాలోని బిగ్ షాంటీ అనే చిన్న స్టేషన్లో రైలు ఆగింది. ప్రయాణికులు, సిబ్బంది ఫలహారానికి దిగారు. అదే అదనుగా జేమ్స్ ఆండ్రూస్ అనే ఉత్తరాది గూఢచారి, మామూలు దుస్తుల్లో ఉన్న సైనికులతో కలిసి ‘జనరల్’ అనే ఇంజనును, మూడు పెట్టెలను విడదీసి తోలుకుపోయాడు. దారి పొడవునా పట్టాలు పీకుతూ, టెలిగ్రాఫ్ తీగలు కోస్తూ, వంతెనలు తగలబెడుతూ చట్టనూగాకు చేరాలన్నది పథకం. రైలు కండక్టరు విలియం ఫుల్లర్ ఈ పథకాన్ని చెడగొట్టాడు. మొదట కాలినడకన పరుగెత్తాడు. తర్వాత ట్రాలీ దొరికింది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి ఇంజన్లు మారాడు. చివరికి ‘టెక్సాస్’ అనే ఇంజనును వెనక్కి నడుపుతూనే తరిమాడు. వానకు తడిసిన వంతెనలు అంటుకోలేదు. కట్టెలు అయిపోయి ‘జనరల్’ రింగ్‌గోల్డ్ దగ్గర ఆగిపోయింది. ఆండ్రూస్‌ను, మరి ఏడుగురిని ఉరి తీశారు. అమెరికా సైన్యం ‘మెడల్ ఆఫ్ ఆనర్’ అనే పతకాన్ని మొట్టమొదట ఇచ్చింది ఈ దండులో బతికి బయటపడ్డవాళ్ళకే. వాళ్ళలో ఒకడైన విలియం పిటింజర్ రాసిన పుస్తకం బ్రక్‌మన్ ద్వారా కీటన్ చేతికి వచ్చింది.

ఉరికంబాలతో ముగిసిన కథ హాస్యానికి ఎలా పనికొచ్చింది? కీటన్ అందులో చూసింది యుద్ధాన్ని కాదు, పట్టాలను. పరుగెత్తేవాడూ తరిమేవాడూ ఒకే దారిలో, ముందుకో వెనక్కో తప్ప పక్కకు తిరగలేని దారిలో, చిక్కుకుపోయారు. ముగ్గురు నలుగురు కలిసి చేసిన తరుమును ఒక్కడికి అప్పగించాడు. ఆ ఒక్కడు జానీ గ్రే, ఇంజను డ్రైవరు. చరిత్రలో పరుగు ఒకవైపే సాగింది. కీటన్ దానికి తిరుగు ప్రయాణాన్ని కల్పించాడు. మొదటి సగంలో జానీ తరుముతాడు, రెండో సగంలో అతన్ని తరుముతారు. వెళ్ళేటప్పుడు శత్రువు పట్టాల మీద దుంగలు పడేస్తే, వచ్చేటప్పుడు జానీ పడేస్తాడు. అక్కడ విడదీసి వదిలిన పెట్టె ఇతనికి అడ్డమైతే, ఇక్కడ ఇతను వదిలినది వాళ్ళకు అడ్డం. ఒకసారి చూసిన ప్రతి చమత్కారమూ తిరగబడి మళ్ళీ ఎదురొస్తుంది. పద్యాన్ని వెనక నుంచి చదివినా అర్థమిచ్చేలా కట్టిన చిత్రకవులకు ఈ కట్టడం చూస్తే ముచ్చట వేసేది.

చిత్రకథను నిర్మించిన పద్ధతి ఇది. దాన్ని తీసిన పద్ధతి ఇంకా విశేషం. కీటన్ అసలు ‘జనరల్’ ఇంజనునే వాడుకోవాలనుకున్నాడు. హాస్యచిత్రమని తెలిశాక దాని యజమానులు ఒప్పుకోలేదు. దాంతో 1926 వేసవిలో ఒరెగాన్ రాష్ట్రంలోని కాటేజ్ గ్రోవ్‌కు మకాం మార్చాడు. అక్కడి కలప కంపెనీల రైలుదారులు అంతర్యుద్ధ కాలపు పట్టాలకు దగ్గరగా ఉన్నాయి, పాత ఇంజన్లు కూడా దొరికాయి. ఒరెగాన్ నేషనల్ గార్డు సైనికులు సుమారు 500 మంది వచ్చారు. వాళ్ళకు నీలం దుస్తులు తొడిగి ఒకవైపు నుంచి, బూడిదరంగు దుస్తులు తొడిగి ఇంకోవైపు నుంచి పరుగెత్తించారు. కట్టెలతో నడిచే ఇంజన్ల నిప్పురవ్వలకు అడవి అంటుకుంది. నటులు, సైనికులు కలిసి ఆర్పడానికి దిగారు. పొగ తగ్గేదాకా చిత్రీకరణ ఆగిపోయింది.

జూలై 23న నది మీద కట్టిన వంతెన దృశ్యం తీశారు. కాలుతున్న వంతెన మీదికి ‘టెక్సాస్’ వస్తుంది, వంతెన విరుగుతుంది, ఇంజను నదిలో పడుతుంది. బొమ్మ ఇంజను కాదు, బొమ్మ వంతెన కాదు. చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళ జనం వేలల్లో తరలి వచ్చారు. ఆ ఒక్క షాటుకు 42,000 డాలర్లయిందని చెబుతారు. మూకీల కాలంలో అంత ఖరీదైన షాటు మరొకటి లేదని సినిమా చరిత్రకారుల మాట. రెండోసారి తీయడానికి వీల్లేదు. తెర మీద అది కొద్ది క్షణాలే. ఇంజను పడ్డాక కీటన్ కెమెరాను ఆజ్ఞ ఇచ్చిన సేనాని వైపు తిప్పుతాడు. వంతెనకేమీ కాలేదు, పోనివ్వమన్నది ఆయనే. ఆ ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. లెక్క తప్పిన గుమాస్తా ముఖం అది. అంత ఇనుము కూలింది ఆ ముఖం చూపించడం కోసమే అనిపిస్తుంది. ఇంత ఖర్చు చేసి ఇంత తగ్గి మాట్లాడటం హాస్యంలో అరుదు.

బరువు అన్న మాటకు అర్థం మరో దృశ్యంలో ఇంకా తేటగా కనబడుతుంది. జానీ తన ఇంజను వెనక పొట్టి ఫిరంగిని తగిలించుకుని శత్రువును తరుముతుంటాడు. మందు కూరి, గుండు పెట్టి, వత్తి అంటిస్తాడు. వెనక్కి వస్తూ ఉండగా కాలు లంకెలో చిక్కుకుంటుంది. విదిలించుకునేసరికి లంకె ఊడి పట్టాల మీద ఈడ్చుకుపోతుంది. ఆ కుదుపుకు ఫిరంగి మూతి నెమ్మదిగా కిందికి దిగుతుంది. దిగి దిగి సరిగ్గా జానీ వైపే చూస్తుంది. అతను కట్టెల మీదుగా, ఇంజను పక్కగా పాకి ముందరికి పారిపోతాడు. ఇక తప్పదనుకున్న క్షణంలో పట్టాలు వంపు తిరుగుతాయి. ఇంజను వంపుతో పోయింది, గుండు తిన్నగా పోయింది. ఎదుటి రైలు పక్కన పేలింది. జానీ అనుకున్నది నెరవేరింది గానీ అందులో జానీ ప్రతాపం ఏమీ లేదు. హైస్కూలు భౌతికశాస్త్రంలో ఉన్న జడత్వ సూత్రం తన పని తాను చేసింది. ప్రేక్షకుడు నవ్వే నవ్వులో సగం భయం, సగం ఒప్పుకోలు: అవును, గుండు అలాగే పోతుంది మరి.

ఇదంతా కీటన్ దూరం నుంచి, ఎక్కువగా ముక్కలు చేయకుండా చూపిస్తాడు. మనిషి, ఇంజను, పట్టాలు, వెనక కొండలు ఒకే చట్రంలో ఉంటాయి. ఇంజను ముందరి ఇనుప చట్రం మీద కూర్చుని, గుండెలకు హత్తుకున్న ఒక దుంగను విసిరి పట్టాల మీద అడ్డంగా పడున్న మరో దుంగను ఎగరగొట్టే దృశ్యం ఉంది. గురి తప్పితే రైలు పట్టాలు తప్పుతుంది. అది కళ్ళతో చూస్తూ ఉండగానే జరిగిపోతుంది. కత్తిరించి అతికిస్తే ఆ నమ్మకం రాదు. నమ్మకం లేనిచోట ఆ నవ్వూ రాదు. ప్రియురాలు ఛీ అన్నాక జానీ దిగులుగా ఇంజను చక్రాలను కలిపే ఇనుప కడ్డీ మీద కూర్చుంటే, ఇంజను కదులుతుంది, కడ్డీతో పాటు అతను పైకీ కిందికీ ఊగుతూ షెడ్డులోకి వెళ్ళిపోతాడు. చూడటానికి ఊయల. ఆవిరి కొంచెం ఎక్కువ వదిలి చక్రాలు జారి గిర్రున తిరిగి ఉంటే కీటన్ ప్రాణాలకే ముప్పు. ఆ సంగతి తెలిసే కూర్చున్నాడు.

తెలియడం అతనికి చిన్నతనం నుంచి అలవాటు. 1895 అక్టోబరు 4న కాన్సాస్‌లోని పికువా అనే ఊళ్ళో, ఊరూరా తిరిగే నాటకాల కుటుంబంలో పుట్టాడు. తండ్రి రంగం మీద పిల్లవాణ్ని చీపురులా విసిరేవాడు. పడటమెలాగో ఆ వయసులోనే ఒంటబట్టింది. పడ్డాక తను నవ్వితే జనం నవ్వరని, తను బిగిసి ఉంటే పడీ పడీ నవ్వుతారని కూడా అప్పుడే కనిపెట్టాడు. ‘రాతి ముఖం’ అన్న పేరు అలా వచ్చింది. ఆ పేరు అతనికి అన్యాయమే చేసింది. ‘ది జనరల్’లో ఆ ముఖం ఎప్పుడూ ఏదో లెక్క వేస్తూ ఉంటుంది. పనివాడి ముఖం అది. చాప్లిన్ దేశదిమ్మరికి పని ఉండదు, ఉన్నా నిలవదు. జానీకి పని ఉంది, పనిలో నేర్పు ఉంది. సైన్యంలో చేర్చుకోకపోవడానికి కారణం కూడా ఆ నేర్పే: డ్రైవరుగా అతను ఎక్కువ అవసరం. విషాదమేమిటంటే ఆ కారణాన్ని ఎవరూ అతనికి చెప్పరు. పిరికివాడని ఊరు అనుకుంటుంది. ప్రియురాలూ అనుకుంటుంది.

చిత్రం మొత్తానికి కీలకమైన దృశ్యం ఏదని అడిగితే చాలామంది వంతెనను చూపిస్తారు. ఈ ఉపన్యాసం మరొకదాన్ని ఎంచుకుంటుంది. ఇంజనులో కట్టెలు తగ్గాయి. జానీ వంగి గొడ్డలితో కొడుతున్నాడు. అతని వెనక, తెర నిండా, దక్షిణాది సైన్యం వెనుదిరిగి పరుగెడుతోంది. కాసేపటికి ఉత్తరాది సైన్యం ముందుకొస్తోంది. జానీ తల ఎత్తడు. ఒక దేశపు తలరాత వీపు వెనక మారిపోతూ ఉంటే మనిషి పొయ్యిలోకి కట్టెలు కొట్టుకుంటున్నాడు. చరిత్ర అనే మాటను సామాన్యుడి వైపు నుంచి ఇంత క్లుప్తంగా చెప్పిన దృశ్యం యుద్ధచిత్రాల్లో కూడా దొరకడం కష్టం.

మరి అప్పటి ప్రేక్షకులకు ఈ చిత్రం ఎందుకు ఎక్కలేదు? నవ్వుల మధ్య చావులు ఉండటం ఒక కారణం. ఫిరంగి దగ్గర సైనికులు ఒక్కొక్కరే కూలిపోతుంటారు. జానీ ఒరలోంచి దూసిన కత్తి పిడి నుంచి ఊడి ఎగిరి, చాటున పొంచి కాలుస్తున్నవాడిని చంపుతుంది. హాస్యచిత్రంలో మనుషులు చావడమేమిటని రాబర్ట్ షెర్వుడ్ వంటి విమర్శకులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. కానీ గుండ్లకు బరువుందని ఒప్పుకున్న చిత్రం, అవి తగిలితే మనుషులు చావరని చెప్పలేదు. ఆనాడు లోపంగా కనిపించిన ఈ గాంభీర్యమే, రెండో ప్రపంచయుద్ధం చూసివచ్చిన తరానికి నిజాయితీగా కనిపించింది.

ఇప్పుడు ముందు వాయిదా వేసిన మాట. ఇంత నిజాయితీ గల చిత్రం ఒక చోట కళ్ళు మూసుకుంది. పిటింజర్ ఉత్తరాది సైనికుడు, అతని పుస్తకంలో నాయకులు ఉత్తరాదివాళ్ళు. కీటన్ కథను తిప్పి దక్షిణాది డ్రైవరును నాయకుణ్ని చేశాడు. ఓడిపోయిన దక్షిణాదివాళ్ళను ప్రతినాయకులుగా చూపిస్తే జనం ఒప్పుకోరన్నది అతని లెక్క. ఆనాటి అమెరికాలో ఆ లెక్క తప్పు కూడా కాదు. పదకొండేళ్ళ కిందటే ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ ఆ దేశమంతటా జేజేలు అందుకుంది. అయితే ఆ యుద్ధం దేని గురించి జరిగిందో ‘ది జనరల్’ చూసినవాడికి తెలియదు. 1860 జనగణనలో జార్జియా జనాభాలో ప్రతి పదిమందిలో నలుగురికి పైగా బానిసలు. దక్షిణాది రైలుదారుల్లో అనేకం వాళ్ళ చేతులతో వేసినవే. పట్టాల మీద పడ్డ ప్రతి దుంగనూ లెక్కపెట్టి చూపించిన చిత్రంలో ఆ పట్టాలను పరిచినవాళ్ళకు చోటు లేదు. చిత్రాన్ని పొగిడేవాళ్ళు ఈ సంగతి దాటవేయడం అలవాటైంది. దాటవేస్తే ఆ చిత్రానికి మేలేమీ జరగదు. యంత్రం పట్ల అంత నిక్కచ్చిగా ఉన్న కన్ను మనుషుల పట్ల ఎక్కడ ఆగిపోయిందో చూడటం కూడా దీన్ని చూడటంలో భాగమే.

చిత్రం ఓటమి కీటన్‌ను గట్టిగానే దెబ్బతీసింది. నిర్మాత జోసెఫ్ షెంక్ ఇచ్చిన స్వేచ్ఛ మరి రెండు చిత్రాల దాకా సాగింది. 1928లో కీటన్ ఎం.జి.ఎం. సంస్థలో చేరాడు. అది తన జీవితంలో పెద్ద పొరపాటని తర్వాత తానే చెప్పుకున్నాడు. అప్పటికే ‘ది జాజ్ సింగర్’ వచ్చి తెరకు గొంతు వచ్చింది. తాగుడు, విడాకులు. ఒకనాడు ఇంజన్లను నదిలోకి తోయించినవాడు, అదే సంస్థలో ఇతరుల చిత్రాలకు చమత్కారాలు అందించే జీతగాడయ్యాడు.

తిరుగు ప్రయాణం మెల్లగా మొదలైంది. 1949 సెప్టెంబరులో జేమ్స్ ఏజీ ‘లైఫ్’ పత్రికలో మూకీ హాస్యం గురించి రాసిన పెద్ద వ్యాసం కీటన్‌ను మళ్ళీ జనం నోళ్ళలోకి తెచ్చింది. కీటన్ ఒకప్పుడు కట్టుకున్న ఇంటిని తర్వాత కొనుక్కున్న నటుడు జేమ్స్ మేసన్‌కు అక్కడ మరిచిపోయిన పాత రీళ్ళు దొరికాయి. ‘ది జనరల్’ కాపీరైటును ఎవరూ పునరుద్ధరించలేదు. అది కూడా ఒక రకంగా కలిసొచ్చింది. ఎవరైనా ప్రింటు వేసుకోవచ్చు, ఎక్కడైనా చూపించవచ్చు. అరిగిపోయిన కాపీలు ప్రపంచమంతా తిరిగాయి. 1965లో వెనిస్ చిత్రోత్సవంలో జనం లేచి నిలబడి కీటన్‌కు చప్పట్లు కొట్టారు. మరి కొద్ది నెలలకే, 1966 ఫిబ్రవరి 1న, ఆయన చనిపోయాడు. ఆ తర్వాత కూడా చిత్రానికి కొత్త చెవులు పుడుతూనే ఉన్నాయి. 1987లో ఇంగ్లండులో కార్ల్ డేవిస్, 2004లో జపాను సంగీతకారుడు జో హిసాయిషి దీనికి వేరు వేరు సంగీతాలు కట్టారు.

ఆ 1987లోనే మన సింగీతం శ్రీనివాసరావు సంభాషణలు లేకుండా ఒక హాస్యచిత్రం తీశారు. తెలుగులో ‘పుష్పక విమానం’. మాటల్లేని సినిమా ఎవరు చూస్తారన్న అనుమానాన్ని దాటి అది నడిచింది. దాన్ని కీటన్‌కు అనుకరణ అనడం సరికాదు. అయినా చెప్పకుండా చూపించినదాన్ని మన ప్రేక్షకుడు పట్టుకోగలడని అది రుజువు చేసింది. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మాటకు అలవాటుపడిన తెలుగు కన్ను, అర్ధశతాబ్ది తర్వాత కూడా మాట లేకుండా చదవడం మరచిపోలేదు.

చివరగా ఇంజన్ల సంగతి. అసలు ‘జనరల్’ ఇప్పుడు జార్జియాలోని కెనెసాలో, అంటే ఒకప్పటి బిగ్ షాంటీలోనే, మ్యూజియంలో ఉంది. అసలు ‘టెక్సాస్’ అట్లాంటాలో ఉంది. సినిమా కోసం నదిలో పడ్డ ‘టెక్సాస్’ ఏళ్ళ తరబడి నీళ్ళలోనే తుప్పుపట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇనుము కరువైనప్పుడు దాన్ని తీసి తుక్కు కింద అమ్మేశారు. అది పడుతున్న ఆ కొద్ది క్షణాలు మాత్రం మరికాసేపట్లో ఈ తెర మీద వస్తాయి. ప్రదర్శన గంటా పావు. మధ్యలో విరామం లేదు. కట్టెలు కొట్టే దృశ్యం వచ్చినప్పుడు గొడ్డలి వైపు కాక దాని వెనక పొగలో కదిలే సైన్యాల వైపు ఒక్కసారి చూడమని ఈ ఉపన్యాసకుడి విన్నపం. క్యాబిన్‌లో ప్రొజెక్టర్ సిద్ధంగా ఉంది.